రాజనర్సు మేపిన మంద

నిజామాబాద్ పట్నం దాటి వాగువైపు పోయే మట్టితోవలో ఒక మురుగునీటి ట్యాంకు ఉండేది. పెద్దదేమీ కాదు. పట్నంలో ఒక మూలనున్న నాలుగైదు వాడల మురుగు మాత్రమే అక్కడికి చేరేది. దాన్ని నడిపినవాడు రాజనర్సు.

ట్యాంకును మోటారు నడుపుతుందని చాలామంది అనుకుంటారు. మోటారు నీళ్ళను చిలుకుతుంది, అంతవరకే. అసలు పని చేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. మురుగులోని మలినాన్నంతా అవి తిని బతుకుతాయి. తినాలంటే వాటికి గాలి కావాలి. అందుకే ట్యాంకు మీద రెండు తెడ్ల చక్రాలు ఆగకుండా తిరిగేవి. చిలికిన నీళ్ళు పక్క తొట్టిలోకి పోయి నిలుస్తాయి. కడుపు నిండిన జీవులు గోధుమరంగు బురదై అడుగుకు దిగుతాయి. పైన మిగిలిన తేట వాగులోకి పోతుంది. అడుగు బురదను కొంత వెనక్కి తెచ్చి ట్యాంకులో కలపాలి. రేపటి పాలకు ఇవాళటి పెరుగు తోడు వేసినట్టు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం ప్రతిరోజూ కొత్తగానే ఉంటుంది.

రాజనర్సు బోధన్ దగ్గరి చెరకు ఊళ్ళో పుట్టాడు. తండ్రి గానుగ దగ్గర బెల్లం వండేవాడు. కొడుకు గానుగెద్దుల వెంట తిరిగేవాడు. చెరకంతా ఫ్యాక్టరీకి పోవడం మొదలై ఊరి గానుగ మూతబడ్డాక, పట్నం వచ్చి పంపుసెట్లు బాగుచేసే షాపులో చేరాడు. అక్కడినుంచి ట్యాంకు పనికి వచ్చాడు. ఎద్దుల దగ్గర నేర్చిన చూపు మాత్రం పోలేదు. ట్యాంకులోని జీవులను అతను "మంద" అనేవాడు. పొద్దున రాగానే గాజుజాడీ నిండా ట్యాంకు నీళ్ళు ముంచి గోడ నీడలో పెట్టేవాడు. బీడీ కాల్చి వచ్చేసరికి బురద అడుగుకు దిగి పైన తేట నిలిస్తే మంద బాగున్నట్టు. మూత తీసి వాసన చూసేవాడు. తొలివాన పడ్డ దుక్కి వాసన వస్తే చాలు, ఆ రోజుకు నిశ్చింత.

ట్యాంకు పక్కనే ముత్తన్న మడి ఉండేది. పాలకూర, తోటకూర వేసి మార్కెట్‌కు ఎడ్లబండి మీద తోలేవాడు. నోరు ఊరకే ఉండని మనిషి. వాగు వెంట కిందికి పోతే రాళ్ళకుంట అనే ఊరు. అక్కడ రాజనర్సు పెద్దక్క చంద్రవ్వ కాపురం. ఆ ఊరి బావుల్లో నీళ్ళు చౌడు, నోట పెట్టలేరు. వాగు ఇసుకలో చెలిమెలు తోడి, ఊరిన నీళ్ళను గిన్నెతో ముంచుకుని తాగేవాళ్ళు. ఎండాకాలం వాగులో పారేది ఎక్కువగా ట్యాంకు తేటే. అది ఇసుకలో ఇంకి, వడకట్టుకుని చెలిమెలోకి వచ్చేది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

"మా తమ్ముడు ఉన్నడు గదా, పట్నపోల్లు కడుక్కున్న నీల్లు మాకు సల్లగ తాగిపిస్తడు," అని చంద్రవ్వ నలుగురిలో నవ్వేది. నవ్వినా, తమ్ముడి మీద నమ్మకంతోనే ఆ నీళ్ళు తాగేది.

సారా బందైన రోజులవి, తొంభై ఆరో సంవత్సరం. మృగశిర కార్తె వచ్చీరాగానే ఈదురుగాలి లేచింది. పిడుగుపడి ట్యాంకు దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తెడ్లు ఆగిపోయాయి.

ప్రమీలమ్మ అని కొత్తగా వచ్చిన ఇంజనీరు లూనా మోపెడ్ మీద బురదలో జారుకుంటూ వచ్చింది. వచ్చీరాగానే మురుగును ట్యాంకులోకి కాకుండా పక్కనున్న నిలవ కుంటలోకి మళ్ళించింది.

"కుంట నిండేదాకా మనకు టైం ఉంది, రాజనర్సన్నా. నిండిందంటే కట్ట ఆగదు. అప్పటిదాకా ట్యాంకును ఎట్లయినా కలుపుతుండాలి."

రాజనర్సూ ముత్తన్నా వెదురు గడలు పట్టుకుని ట్యాంకును కలిపారు. చేతులు బొబ్బలెక్కాయి. మనిషి చెయ్యి ఎంతసేపని తెడ్డు అవుతుంది? జాడీలో బురద గోధుమరంగు వదిలి నల్లబడింది. దుక్కి వాసన పోయి కుళ్ళిన గుడ్డు వాసన వచ్చింది. రాజనర్సు ఆ జాడీని నీడలో పెట్టకుండా దూరంగా పారబోశాడు.

చివరికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి బిగించారు. స్విచ్చి వేస్తే ఒక చక్రం తిరిగింది. రెండోది మూలిగి ఆగింది. పిడుగుకు దాని మోటారు వైండింగు కూడా కాలింది. మోటారు చుట్టడానికి షాపుకు పోయింది. ఒక్క చక్రం మీద ట్యాంకు నడిచింది. అయినా జాడీలో తేట రాలేదు. ఈలోపు వానలు పట్టుకున్నాయి. కుంటలో నీళ్ళు రోజురోజుకూ కట్ట అంచుకు ఎగబాకాయి.

ఇక్కడే రాజనర్సు తప్పు చేశాడు. చెరకు సీమ మనిషి మాత్రమే చేసే తప్పు.

గానుగ రోజుల్లో ఎద్దు డస్సిపోయి మెడ వాలిస్తే, నల్లబెల్లం నీళ్ళలో కలిపి గొట్టంతో తాగించేవాళ్ళు. ఈనిన బర్రెకు బెల్లమే, బాలింతకు బెల్లమే. ఎండదెబ్బ తిన్నవాడికి పానకం. డస్సిన ఏ ప్రాణికైనా అదే మందు. మంద గాలి లేక డస్సిపోయింది, కాస్త బలం పోస్తే లేస్తుందని అతనికి తోచింది. ప్రమీలమ్మను అడగలేదు. అడిగితే ఆగమంటుందని భయం. కుంట ఆగదని ఇంకా పెద్ద భయం.

బోధన్ బస్సెక్కి పుట్టిన ఊరు పోయి, నల్లబెల్లం దిమ్మలు గోనెసంచిలో కట్టుకుని తిరుగు బస్సెక్కాడు. కండక్టర్ సంచిని కాలితో తట్టాడు.

"ఏం పెద్దమనిషీ, గుడుంబా బట్టి పెడ్తున్నవా? చెకింగోల్లు జూస్తే నన్ను గూడ నీ ఎన్కనే గుంజుకపోతరు."

"గొడ్లకు అన్నా. దాణా."

"ఎన్ని గొడ్లున్నయ్ నీకు?"

"లెక్కకు రావు," అన్నాడు రాజనర్సు. కండక్టర్ నవ్వి టికెట్ చించాడు.

బెల్లం కరిగించి ట్యాంకులో పోశాడు. మొదట మంచే జరిగినట్టు కనిపించింది. నురుగు లేచింది. నీళ్ళ నలుపు విరిగింది. ముత్తన్నను పిలిచి చూపించాడు కూడా. మర్నాడు వచ్చి చూస్తే ట్యాంకు మీద బూడిదరంగు జిగురు తేలుతోంది. తెడ్డుకు దారాలు దారాలుగా చుట్టుకుంటోంది. జాడీ పెడితే బురద దిగడం లేదు. అడుగునుంచి అంచుదాకా ఒకటే గంజి.

ముత్తన్న గట్టు మీద నిలబడి ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. "పచ్చిజొన్న మెక్కిన గొడ్డు లెక్క ఉబ్బింది గదరా నీ మంద!"

ఆ మాట రాజనర్సుకు గుచ్చుకుంది. ఉబ్బరం అంటే ఏమిటో తెలియనివాడు కాదు. ఉబ్బిన గొడ్డుకు మేత పెట్టేవాడిని గానుగ దగ్గర చెప్పు తీసుకుని కొట్టేవాళ్ళు.

ప్రమీలమ్మ వచ్చింది. జిగురును కర్రతో ఎత్తి చూసింది. గోడ పక్కన పడున్న గోనెసంచి చూసింది.

"ఏం పోసిన్రు?"

"బెల్లం, మేడం."

ఆమె సంచికి అంటిన బెల్లం పొడిని వేళ్ళతో నలిపి చూసింది. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"నాకెందుకు చెప్పలే?"

"వద్దంటరని."

"వద్దనేదాన్నే," అంది ఆమె. "బెల్లం కనబడంగనే మురుగు ఇడిసిపెట్టి దానిమీద పడ్తయి. తినేటప్పుడు గాలి కావాలె. ఒక్క చక్రం ఇచ్చే గాలి ఎంత? ఉన్నది కాస్తా అయిపోయింది. గిప్పుడు పెరిగింది వేరే జాతి. దారం లెక్క ఉంటది, తేలుతది, దిగదు. అన్నా, వాటికి ఆకలి కాలేదు. ఊపిరి ఆడలేదు."

"మరి గిప్పుడు?"

"పై జిగురు తోడి బురద ఎండబెట్టే మడులల్ల పొయ్యాలె. మేత బంద్. గాలి, గాలి, గాలి. కొత్త తోడు గూడ కావాలె. హైద్రాబాద్ నుంచి ట్యాంకర్‌ల తెప్పియ్యాలంటే కుంట ఆగదు."

ఇద్దరూ తొట్టినుంచి వాగుదాకా పోయే కాలువ వెంట నడిచారు. కాలువ మెట్లుమెట్లుగా రాళ్ళ మీంచి దిగుతుంది. తెడ్లు ఆగిన రోజుల్లో కూడా తొట్టినుంచి సన్నగా ఊట కారుతూనే ఉంది. రాజనర్సు వంగి ఒక రాయి మీద వేలు రాశాడు. గోధుమరంగు నాచుపొర వేలికి అంటింది. వాసన చూశాడు. వేలు ప్రమీలమ్మ వైపు చాచాడు. ఆమె కూడా వాసన చూసింది. దుక్కి వాసన.

"పల్చగ పారినయ్ గదా, రాళ్ళ మీద గాలి తగిలి బతికినయ్," అంది ఆమె. వెంటనే తల తిప్పి, ట్యాంకు కట్టినప్పుడు మిగిలి ప్రహరీ పక్కన పడున్న కంకర కుప్పను చూసింది. "పాత కాలం ప్లాంట్లల్ల తెడ్లుండవు. రాళ్ళ కుప్ప మీద నీళ్ళు చల్లుతరు. రాళ్ళ సందుల గాలి ఉంటది. పంపు ఒకటి ఉంటే…"

"ముత్తన్న తాన ఆయిల్ ఇంజన్ ఉంది."

తన మడి గట్టు మీదినుంచి వింటున్న ముత్తన్న తల అడ్డంగా ఊపాడు. "నా ఇంజన్‌ల గీ జిగురు పోతే రేపు నా మడికి నీల్లు నువ్వు మోస్తవా?"

"ఇంజన్ నేనే ఇప్పుత, నేనే కడుగుత, నేనే బిగిస్త. నీ తోటకూర ఎండితే నా ఇంట్ల వండిన తోటకూర తిందువు గని."

"నీ ఇంట్ల తోటకూర నేనెందుకు తింటరా, గీ కంపుల!" అంటూనే ముత్తన్న ఇంజన్‌కు కట్టిన తాడు విప్పాడు.

కంకరను వెదురు తడికల మధ్య నిలువెత్తు పేర్చారు. కాలువ రాళ్ళ మీది నాచును కొబ్బరిపీచుతో రుద్ది బకెట్లలోకి దింపి కుప్ప మీద పోశారు. ఇంజన్ పైపు చివరకు చిల్లుల రేకు డబ్బా కట్టారు. ట్యాంకు నీళ్ళు చినుకుల్లా కుప్ప మీద పడి, రాళ్ళ సందుల్లోంచి జారి, మళ్ళీ ట్యాంకులోకి చేరేవి. జిగురు అడ్డంపడి డబ్బా చిల్లులు మాటిమాటికీ మూసుకుపోయేవి. రాజనర్సు పక్కనే కూర్చుని చీపురుపుల్లతో పొడిచేవాడు. ప్రమీలమ్మ చీర కొంగు నడుముకు చుట్టి జిగురు తోడే తొట్టి పట్టింది. ఆ పనిలో పెద్ద మాటలేమీ లేవు. పొడవడం, తోడడం, మోయడం.

కంకర తడిసింది. రంగు మారలేదు. నాచు రాతిని పట్టుకుని పెరగాలంటే దానికి కాలం కావాలి. ఆ కాలం కుంట ఇచ్చేట్టు లేదు.

పెద్దవాన ఒకటి కురిసి వెలిసిన మధ్యాహ్నం కట్ట అడుగున చెమ్మ కనిపించింది. చెమ్మ చూస్తూండగానే ఊటైంది. కట్ట తెగితే కుంటలోని మురుగు, దాని అడుగున పేరిన కుళ్ళు, మొత్తం ఒక్కసారిగా వాగులో పడుతుంది. ప్రమీలమ్మ కట్ట చుట్టూ తిరిగి వచ్చింది. ముఖం గట్టిపడింది.

"తూము తెరవాలె. కుంట నీళ్ళు కొంచెం కొంచెం ట్యాంకుల కలిపి, కుప్ప మీద పోసి వదులుదాం. పూర్తి బాగు కావు. కట్ట తెగేదానికంటే నయం. రేపు పొద్దున తెరుద్దాం. ఆలోపల రాళ్ళకుంటకు ఎవరన్న చెప్పాలె. నేను పోత."

"వాన నీల్లు గూడ కలుస్తయి గదా మేడం," అన్నాడు ముత్తన్న. "కొట్టుకపోతది. ఎవలకు ఎరుక?"

రాజనర్సు అతనివైపు చూడలేదు. "ఆ ఊళ్ళె మా అక్క ఉన్నది. బెల్లం పోసింది నేను. నేనే పోత."

రాళ్ళకుంటలో చంద్రవ్వ ఇంటి ముందు ఆడవాళ్ళు చాటలు ఒడిలో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తమ్ముడిని చూసి చంద్రవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కూర్చోలేదు.

"ఏందిరా తమ్మీ, గట్ల నిలవడ్డవ్? ఈరవ్వతోని లొల్లి పెట్టుకున్నవా?"

ఈరవ్వ అతని భార్య. ఆడవాళ్ళు నవ్వారు.

"అక్కా, రేపటిసంది చెలిమె నీల్లు తాగకుండ్రి."

నవ్వు ఆగింది. అతను అంతా చెప్పాడు. పిడుగు గురించి తక్కువ చెప్పాడు, బెల్లం గురించి పూర్తిగా చెప్పాడు. చంద్రవ్వ వింటూ ఆకు చుడుతూనే ఉంది. చుట్టిన బీడీ మూతి గోటితో మడిచి చాటలో పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"బెల్లం పోసినవా?"

"పోసిన."

"మురుగుల బెల్లం! నీకు అవ్వ బెల్లం ఎక్కువ పెట్టి పెంచిందిరా, అందుకే నెత్తికెక్కింది," అంది. గొంతు పెరిగింది. "ఇంట్ల పసిపిల్లలున్నరు. మొన్ననే నా మనుమరాలికి విరేచనాలు తగ్గినయ్. నువ్వు రాకపోతే రేపు పొద్దుగాల నేనే ముంచి తాగిపిద్దును గదరా!"

"అందుకే వచ్చిన."

"వచ్చినవ్. మరి మేం ఏం తాగాలె? చౌడు బాయినా?"

పక్కనున్న ముసలామె వెంకటవ్వ చాట కింద పెట్టి లేచింది. "లొల్లి ఎన్కసిరి పెడ్దుము గని, ముందుగాల చెలిమెలు పూడ్సురి. పిల్లలకు మాట ఇనబడదు. దూపైతే ఉరికిపోయి ముంచుకుంటరు."

ఆడవాళ్ళంతా వాగులోకి దిగారు. తమ చేతులతో తోడుకున్న చెలిమెల్లోకి తామే ఇసుక తోశారు. రాజనర్సు కూడా దిగబోతే చంద్రవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఇది ముట్టకు. నీకు వేరే పని ఉన్నది. నీల్లు నువ్వు తెచ్చి పొయ్యాలె. మళ్ళ చెలిమె తోడేదాక. ఒక్క పూట తప్పినా అక్కననుకోకు."

"తప్పనక్కా," అన్నాడు.

మర్నాడు తూము తెరిచారు. వాగులోకి దిగిన నీళ్ళు నల్లగా లేవు, తేటగానూ లేవు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉన్నాయి. కట్ట ఊట సన్నబడింది. ప్రమీలమ్మ కట్ట మీద కూర్చుని మొదటిసారి టీ తాగింది.

రాజనర్సు ముత్తన్న బండికి డ్రమ్ములు కట్టి, పట్నం పొలిమేరలోని బోరింగు కొట్టి నింపి, రాళ్ళకుంటకు తోలేవాడు. బండి ఊళ్ళోకి రాకముందే బిందెలు వరసగా ఉండేవి. మొదటి రోజుల్లో ఎవరూ అతనితో మాట్లాడలేదు. నీళ్ళు పోస్తే పట్టుకుని పోయేవాళ్ళు. వెంకటవ్వ మాత్రం ఒకసారి డ్రమ్ములోకి తొంగిచూసి, "ఇండ్ల బెల్లమేం కలపలే గదా?" అంది. ఆ మాటకు కూడా ఎవరూ నవ్వలేదు.

బండి వదిలి ట్యాంకుకు వచ్చేవాడు. డబ్బా చిల్లులు పొడిచేవాడు. కంకర చూసేవాడు. కొన్నాళ్ళకు కుప్ప లోపలి రాళ్ళకు జిడ్డు పట్టింది. తర్వాత ఆ జిడ్డు గోధుమరంగుకు తిరిగింది. చుట్టిన మోటారు షాపునుంచి వచ్చింది, రెండో చక్రం తిరిగింది. జిగురు దారాలు తగ్గాయి. జాడీలో ముందు ఒక వేలెడు తేట కనిపించింది, మర్నాడు మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. రాజనర్సు సంతోషపడలేదు. ఉబ్బరం దిగిన గొడ్డు లేచి నిలబడ్డా, నెమరు వేసేదాకా నమ్మకూడదు.

ఆషాఢం సగం పోయింది. ఒక పొద్దున అతను బండి తోలుకుని రాళ్ళకుంట చేరేసరికి బిందెల వరస లేదు. చంద్రవ్వ ఇంటి ముందు చాటలు ఉన్నాయి, మనుషులు లేరు. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని బండిని అక్కడే వదిలి వాగు వైపు పరుగెత్తాడు.

ఆడవాళ్ళు ఇసుకలో వంగి ఉన్నారు. కొత్త చెలిమె తోడుతున్నారు. చంద్రవ్వ మోకాళ్ళ మీద కూర్చుని, మొదట ఊరిన బురదనీళ్ళను గిన్నెతో తీసి బయట పోస్తోంది.

"అక్కా, ఏం జేస్తున్నరు? ఇంకా మేడం చెప్పాలె!"

"మేడం నిన్న మాపటికే వచ్చి చెప్పిపోయింది. సీసాలల్ల నీల్లు పట్టుకపోయి పరీక్ష జేసిందంట, ఇంతకుముందు లెక్కనే ఉన్నయంట. నీకు చెప్పలేదా?"

"లేదు."

"'ఆయినకు మీరే చెప్పుండ్రి' అన్నది." చంద్రవ్వ మరో గిన్నె బురద తీసి పోసింది. గుంటలో నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి, అంచు ఇసుక జారి మళ్ళీ నిలుస్తోంది. "మేడం మాట ఇని తోడుతున్నం. నీ మాట ఇని కాదు."

"సరే అక్కా."

"సరే అంటడు! నా మనుమరాలు నిన్న మాపటిసంది అడుగుతుంది, ఇగ బండి తాత రాడా అని. దానికి ఏం చెప్పాలె నేను?"

రాజనర్సు చెలిమె అంచున నిలబడి, లోపల తేరుకుంటున్న నీళ్ళను చూస్తున్నాడు. వాసన చూడాలని ముక్కు ముందుకు పోతోంది.

"ఏందిరా గట్ల మీద పడ్తున్నవ్? ఎలుతురుకు అడ్డం నిలవడ్డవ్, జరుగు," అంది చంద్రవ్వ, గిన్నె ముంచుతూ.

అతను జరిగాడు. ఆమె గిన్నె ఎత్తి ముందు తానే తాగింది. పుక్కిలించి ఉమ్మలేదు, మింగింది. మళ్ళీ ముంచి బిందెలో పోసింది.

"బండి మర్లిపి తోలుకపో," అంది. "నీ గొడ్లు ఎదురుసూస్తుంటయి."